రెండు సేతులెత్తితే తాడొదిలీమని

కాశీబుగ్గ బజార్లో మా అప్ప సేపల కేకేసినాదంటే మూడు ఈదుల అవతల పడుకున్న పిల్లి లేచి కూకునేది. ఇది అబద్దమని ఎవులైనా అంటే ఆ బజారోళ్లనే అడగండి, నాతో మాత్రం పేచీ పెట్టుకోకండి. అప్పంటే నా తోడబుట్టినాది కాదు, తోడికోడలు. పేరు నూకరత్నం. మా బావ బైరాగికి పెళ్లాం. ఆయన తమ్ముడికి పెళ్లాన్ని నాను, పైడమ్మని. మాది వజ్రపుకొత్తూరు అవతల సంద్రం వొడ్డు. పొద్దున్నే వొడ్డున సేపలెత్తుకుని, బస్సెక్కి పలాస పోయి, గంపలు కాళీ సేసుకుని రావడం మా ఇద్దరి బతుకు.

భావనపాడు నించి కోడలై వచ్చిన కొత్తలో ఆయమ్మకి నోట్లో నాలిక ఉన్నాదో నేదోనని మా అత్త అనుమానపడిందంట. మాట అంత పొదుపు. టీ తాగుతావా అంటే తలూపుతాది, కోపమొత్తే తలూపుతాది, ఏ ఊపు ఏటో మనవే తేల్సుకోవాల. అలాటి మనిసి వల తాడు కాడ పాటందుకుంటే మాత్రం వొడ్డున కుక్కలు కూడా నోరు మూసుకునీవి. ఆ పాట మా అత్త నేర్పినాదే.

"సంద్రమమ్మా సంద్రమమ్మా సల్లగుండాల" అని మా అప్ప అంటే, మావందరం "ఐలెస్సా" అని ఒక్క ఊపున లాగాల. "సేపలిచ్చే సేతితోనే మనిసినియ్యాల" అంటే మల్లీ "ఐలెస్సా".

మాది పెద్దవల ఊరు. వలని పడవ మీద తీసికెల్లి సంద్రంలో గుండ్రంగా ఏసి, రెండు కొసల తాళ్లూ వొడ్డుకి తెత్తారు. ఈ తాడు పట్టుకుని ఒక గుంపు, ఆ తాడు పట్టుకుని ఒక గుంపు లాగాల. మగోలు సాలకపోతే ఆడోలవూ సెయ్యేత్తాం. కెరటాల హోరులో ఈ గుంపు కేక ఆ గుంపుకి ఇనబడదు. అందుకే వలపెద్ద ఇసక దిబ్బెక్కి సేతుల్తో సెప్తాడు. పిడికిలి బిగించి గుండెకేసి లాక్కున్నాడంటే, లాగండని. రెండు సేతులూ పైకెత్తినాడంటే తాడొదిలీమని, వల ఏదో రాయికి తగులుకున్నాదని. సేతులెత్తినాక కూడా లాగినోడు ఊరికి పగోడే, వల సినిగితే ఊరంతా పస్తు గదా. మా గుంటలకి నడక కంటే ముందు ఈ సైగలే వత్తాయి. ఆ దిబ్బెక్కే వలపెద్ద మా బావ బైరాగే.

ఇంక అసలు సంగతికొత్తాను. ఒకరోజు కాశీబుగ్గ రైలుగేటు కాడ ఎనక నించి లారీ ఒకటి హారను మీద హారను కొడతన్నాది. మా అప్ప నెత్తి మీద గంప పెట్టుకుని రోడ్డు మద్దిన తిన్నగా నడిసిపోతన్నాది, అత్తారింటికి ఎల్తన్నట్టు. నాను పరిగెట్టి రెక్క పట్టి లాగినాను. లారీవోడు తిట్టిన తిట్లు ఇక్కడ సెప్పలేను. నాను తిట్టినవి అసలే సెప్పలేను.

"ఏటప్పా, సెవుల్లో సీసం పోసుకున్నావేటి?" అన్నాను.

ఆయమ్మ గంప దించి రోడ్డు వార కూకున్నాది. నా మొకంలోకే సూత్తా, "పైడీ, నాకు ఇనబడ్డం నేదే" అన్నాది.

నాకు తెలీకుండా టెక్కలి డాట్రు కాడికి ఎల్లొచ్చిందంట. నరం సచ్చిపోతన్నాదని, మందు నేదని, పోనుపోను ఇంకా తగ్గిపోతాదని సెప్పినాడంట. సన్నటి సబ్దాలు ముందు పోయినాయంట, పిట్టలూ గజ్జెలూ సిన్నగుంటల మాటలూ. లావు గొంతులు ఇంకా కొంచిం తెలుత్తన్నాయంట. బేరాలన్నీ పెదాలు సూసి ఆడతన్నాదంట. సెవిలో మిషను పెట్టుకోమన్నాడంట గాని, మిషను పెట్టుకుని గంపెత్తుకుంటే ఊరంతా సూడదేటి?

"ఎవులికీ సెప్పకే. ముక్కెంగా మీ బావకి" అన్నాది.

"బావకి సెప్తే ఏటప్పా? తంతాడేటి?"

"మన అత్తని మర్సిపోనావా?"

మా అత్తకి ముసిలితనంలో సెవుడొచ్చినాది. మొదట్లో అందరూ గట్టిగా అరిసేవోళ్లు. తరవాత అరవడానికి ఇసుగు. ఆకరికి పళ్లెం ముందర పెట్టి ఎవులి దారిన ఆళ్లు ఎలిపోవడమే. ఆయమ్మ పోయే ముందు ఆ ఇంట్లో ఎవులైనా కూకుని ఆయమ్మకి ఒక కబురు సెప్పినట్టు నాకు గేపకం నేదు. గోడకానుకుని ఎవులెవులి పెదాలో సూత్తా ఉండేది పాపం.

"ఆయన కూడా మాట మానేత్తాడు పైడీ. బతికుండగానే నాను ఆ గోడనైపోతాను" అన్నాది మా అప్ప. జల్మలో ఆయమ్మ అంత పొడుగు మాట మాటాడ్డం అదే సూడ్డం. గంగమ్మ మీద ఒట్టేసినాను. ఒట్టేసిన కాడ్నించీ రోడ్డు దాటాలంటే బయం, బస్సు దిగాలంటే బయం, ఎవులైనా ఎనక నించి మా అప్పని పిలిత్తే బయం. పిలిసినోళ్లందరికీ నానే పలికేదాన్ని. "నీ పేరెప్పుడు మారిందే?" అని బజార్లో నవ్వీవోళ్లు.

మా బావకైతే ఆ రోజుల్లో ఒక ఎర్రి పట్టుకున్నాది. ఇంటికొచ్చినా వలపెద్ద యేసం ఇప్పడు. గుమ్మంలో నిలబడి తువ్వాలు ఊపుతాడు, మా అప్ప తలెత్తి సూసిన దాకా ఊపుతానే ఉంటాడు. ఏటైనా సెప్పాలంటే పొయ్యి ముందరికొచ్చి, గొంతుక్కూకుని, మొకంలో మొకం పెట్టి మరీ సెప్తాడు. "ఏటి బావా, ఇంట్లో కూడా వలేత్తన్నావేటి?" అని నాను ఎటకారమాడితే పళ్లికిలించీవోడు. ముసిలితనంలో మోజు పుట్టినాది కాబోలని నవ్వుకునేదాన్ని.

అలగుండగా ఈశ్వరరావు మాస్టారొచ్చినారు మా వొడ్డుకి. కాశీబుగ్గలో పిల్లలకి లెక్కలు సెప్పే మాస్టారే గాని ఆయన పేణమంతా పాట మీదే. మా లాగుడు పాట టేపులో పట్టుకున్నారు. మా ఊరోళ్లనీ, నౌపడ ఉప్పుమళ్ల ఆడోళ్లనీ, పలాస జీడిపప్పు బట్టీల్లో పన్జేసేవోళ్లనీ కలిపి బృందగానం పెడతానన్నారు. మద్రాసు నించి పెద్దాయన ఒకరు వచ్చి మమ్మల్నందర్నీ నడిపిత్తారంట. వయొలినూ పిల్లంగోవీ వాయించేవోళ్లు కూడా వత్తారంట. మా పాటకి ముందు గొంతు మా అప్పదేనన్నారు.

"వొద్దప్పా, బయటపడిపోతాది" అని బతిమాలినాను.

"ఎల్తాను. అందరూ కలిసి పాడితే కాళ్లలోంచి వత్తాది పైడీ పాట. గుండెలో తెలుత్తాది. ఇనబడినట్టే ఉంటాది" అన్నాది. ఇంకేటంటాను, ఎల్లనీకుండా కట్టేత్తానా?

ఆదివారాలు ఇస్కూలు వరండాలో పాడీవోళ్లం. మాస్టారు మంచోరు, మా సైగలే ఆయన నేర్సుకున్నారు. పిడికిలి లాగితే పాడాల, సేతులెత్తితే ఆపాల. జీడిపప్పోళ్లూ ఉప్పోళ్లూ కూడా దానికే అలవాటు పడ్డారు. ఆయన సేతుల మీంచి మా అప్ప కళ్లు తీసేది కాదు, ఒక్క ముక్క తప్పేది కాదు. నా బయం కొంచిం తగ్గినాది.

కచేరీ రేపనగా దిగినారండీ మద్రాసాయన. నీలకంఠం గారు. తెల్ల జుట్టు, పొడుగాటి సేతి ఏళ్లు, మాట మెత్తన. "మొదలుపెడదామా అమ్మా?" అని మా ముందర నిలబడినారు. మా అప్ప పాటందుకున్నాది, మావు పలికినాం, పాట మంచి ఊపులోకొచ్చినాది. అప్పుడాయన రెండు సేతులూ పైకెత్తినారు.

ఇంకేటున్నాది, యాబైమందివీ టక్కుమని నోళ్లు మూసేసినాం.

వయొలినామె ఒక్కర్తే కుయ్యిమని వాయిత్తా ఉండిపోయినాది. ఆయన బిత్తరపోయి మాస్టారేపు సూసినారు.

"బాబూ, సేతులెత్తితే మాకు తాడొదిలీమని" అన్నాను నాను. ఎవులో ఒకలు సెప్పాల గదా.

ఆయన పకపకా నవ్వినారు. "నా దగ్గర చేతులెత్తితే గొంతెత్తాలమ్మా. ఇదిగో, ఇలా పిడికిలి బిగించి దగ్గరికి లాక్కుంటే ఆపాలి. గుర్తుంటుందా?"

ఒలమ్మా, తిరగేసి మరగేసి పెట్టినారు గదా! మిగతావోళ్లకి సెవులున్నాయి. ఒకలు తడబడితే పక్కమనిసి గొంతు పట్టుకుని సరిపెట్టుకున్నారు. మూడు మాట్లు పాడేసరికి అందరికీ కుదిరినాది, మా అప్పకి తప్ప. ఆయన సేతులెత్తగానే ఆయమ్మ నోరు మూతపడిపోతాది. పుట్టిన కాడ్నించీ కళ్లు నేర్సుకున్నదాన్ని ఒక పూటలో మరిపించగలరేటి ఎవులైనా?

"ఆ పెద్దావిడ వరస తప్పుతోంది మాస్టారూ" అన్నారు నీలకంఠం గారు. "గొంతు బంగారం. కానీ ఆ ముందు చరణం వయొలిన్‌కి ఇచ్చేద్దాం. రేపు అంతమందిలో ఆగిపోతే ఆవిడకే అవమానం."

మాస్టారు గడ్డం పట్టుకున్నంత పని సేసినారు, రేపు పొద్దున్న ఒక్కపాలి సూడమని. మా అప్ప ఆళ్లిద్దరి పెదాలూ సూసినాది. ఏటన్నారని నన్నడగనేదు. ఆయమ్మ పెదాల్లో నెత్తురు సుక్క నేదు. నాలిక సివరి దాకా వచ్చినాది నాకు, "ఆయమ్మకి సెవుడు బాబూ" అని. గంగమ్మ మీదేసిన ఒట్టు అడ్డమొచ్చినాది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూకుని మా అప్ప కళ్లు తుడుసుకుంటన్నాది. ఆ సేతిని పట్టుకుని పక్కకి లాగినాను, ఏడవకే అని. అప్పుడు తట్టినాది నాకు. తాడు కాడ మావు సూసి లాగుతావా? ముందు మనిసి ఊపు ఎనక మనిసికి తాడే సెప్తాది గదా. ఆయమ్మ ముందరికొంగి పెదాలు కదిపి సెప్పినాను: "నా సెయ్యే తాడనుకో. ఆయన్ని సూడకు. నాను లాగితే పాడు, వదిల్తే ఆపు."

పొద్దున్న అలగే సేసినాం. కొంగు కింద సేతులు పట్టుకుని నిలబడినాం. ఒక్క ముక్క తప్పనేదు. "రాత్రికి రాత్రే ఏం మాయ చేశారమ్మా?" అని నీలకంఠం గారు మురిసిపోయినారు. నాను నవ్వినాను గాని నా అరిసెయ్యి సెమటతో జారిపోతన్నాది.

సాయంత్రం ఇస్కూలు బయల్లో పందిరి, పందిరి ముందర జనం, జనం. మా ఊరి మగోలందరూ వచ్చినారు. మా బావని రావొద్దని మా అప్ప ముందే సెప్పినాది, వలకి ముడులెయ్యాలి గదా అని వంక పెట్టి. అయినా వచ్చినాడు మనిసి. జనం మద్దిన కూకున్నాడు, బుజాన తువ్వాలు. ఆయన్ని సూడగానే మా అప్ప ఏళ్లు నా ఏళ్లలో గట్టిగా బిగుసుకున్నాయి. ఈ రాత్రి మొగుడి ముందే తన సెవుడు బయటపడిపోతాదనుకుంటన్నాది, ఆ సెయ్యే సెప్తన్నాది నాకు. ఏటైనా తప్పితే నాకు గంగమ్మ దిక్కని నానూ దండం పెట్టుకున్నాను.

మా పాటొచ్చినాది. మా అప్ప అందుకున్నాది, మావు పలికినాం. నీలకంఠం గారి రెండు సేతులూ పైకి లేచినాయి. నాను లాగినాను. మా అప్ప గొంతు ఆగనేదు, ఇంకా పైకి లేచినాది. సగం గండం గడిసినాదనుకున్నాను. తరవాత మావందరం ఆగితే పిల్లంగోవి ఒక్కటే వాయించాల, అది ఆగగానే మా అప్ప ఒక్కర్తే సివరి సరణం ఎత్తుకోవాల. పిల్లంగోవి ఆయమ్మకి అసలే ఇనబడదు. ఆ అబ్బాయి బుగ్గల కేసి సూత్తా ఊపిరి బిగబట్టుకున్నాది. అతను గోవి దించినాడు. నాను లాగినాను.

"సేపలిచ్చే సేతితోనే మనిసినియ్యాల..."

ఎంత బాగా పాడినాదో నాను సెప్పలేను. నాకు ఏడుపొచ్చేసినాది. ఆ బాగుండడమే మా కొంప ముంచినాది. నీలకంఠం గారి మొకం ఎలిగిపోయి, గబగబా వచ్చి మా అప్ప బుజం పట్టుకుని ముందరున్న మైకు కాడికి తీసికెల్లి నిలబెట్టేసినారు. ఇలగ సేత్తానని ముందు ఎవులికీ సెప్పనేదు. మా సేతులు ఇడిపోయినాయి.

ఆయమ్మ అక్కడ, నాను ఇక్కడ. మద్దిన అంత కాళీ. ఎల్లి పట్టుకుందావంటే వరస ఇడిసి ఎలగెల్తాను?

ఆ సివరి సరణమే అందరం కలిసి మల్లీ పాడినాం. నీలకంఠం గారు పిడికిలి బిగించి గుండెకేసి లాక్కున్నారు. మావందరం ఆగినాం. వయొలినాగింది, పిల్లంగోవాగింది. మా అప్ప ఆగనేదు.

ఎందుకాగుతాది? పిడికిలి లాక్కున్నారు గదా, లాగమనే గదా! ఆయమ్మ కళ్లకి అదే తెలుసు. "సంద్రమమ్మా సంద్రమమ్మా" అని ఒక్కర్తే మైకులో మల్లీ ఎత్తుకున్నాది. ఆయన కంగారుపడి పిడికిలి మల్లీ లాగినారు. ఇంకా గట్టిగా ఎత్తుకున్నాది. మెడ నరాలు లేచినాయి. ఎనక మాకెవులికీ నోరు రావడం నేదు. జనంలో ఎవులో కిసుక్కుమన్నారు. ఇంకెవులో "సెవిటిదేట్రా" అన్నారు. ఆ మాట నా ఈపు మీద పడవ తెడ్డుతో కొట్టినట్టు తగిలినాది. అయిపోయినాది, మా అప్ప బతుకు అయిపోయినాది అనుకున్నాను.

అప్పుడు లేచినాడు మా బావ. కూకున్న బెంచీ మీదకెక్కినాడు. బుజాన తువ్వాలు తీసి, రెండు సేతుల్తో పట్టుకుని, దిబ్బ మీద నిలబడినట్టు నిలబడి, పైకెత్తినాడు.

నీలకంఠం గారి బుజం మీంచి మా అప్ప కళ్లు ఆ తువ్వాలు మీద పడినాయి. పాట ఆగిపోయినాది.

తరవాత ఒక్కపాలే సప్పట్లు. పాట సివర అలగే ఉంటాది కాబోలనుకున్నారు జనం. నీలకంఠం గారు మాత్రం ఎనక్కి తిరిగి, బెంచీ మీద సేతులెత్తి నిలబడిన మనిసిని సూసి, తన సేతులు దించేసినారు. మాస్టారు నా కేసి సూసినారు. ఆయనకి అంతా తెలిసిపోయినాదని ఆ సూపే సెప్పినాది.

పందిరి ఎనకాల మా అప్పని పట్టుకున్నాను. మా బావ జనాన్ని తోసుకుంటా వచ్చినాడు. ఎనక నించి పిలవనేదు. సుట్టూ తిరిగొచ్చి, మా అప్ప ఎదురుగా నిలబడి, మొకంలోకి సూసినాడు.

"ఎప్పట్నించి తెలుసు?" అన్నాది మా అప్ప. ఎంత గట్టిగా అడిగినాదో ఆయమ్మకి తెలీదు, అందరూ ఇటు తిరిగినారు.

"నీ కంటే ముందు నించి" అన్నాడు మా బావ నిదానంగా, పెదాలు కదుపుతా. "గుమ్మంలో తువ్వాలు ఎవులికి ఊపుతన్నాననుకున్నావే? కాకులకా?"

నాకు బుర్ర తిరిగిపోయినాది. ఆయనకి ముందే తెలిసిన రహస్యానికి నాను ఒట్టు పెట్టుకుని సచ్చినానన్నమాట! తిడదావని నోరు తెరిసినాను గాని ఏడుపే వచ్చినాది.

"మరి సెప్పనేదేటి?" అన్నాది మా అప్ప.

"నువ్వు సెప్పనేదు గదా. దాసుకుంటే దాసుకోనీ అనుకున్నాను."

"ఇప్పుడందరికీ తెలిసిపోయినాది. మీ అమ్మతో మానేసినట్టు నాతో కూడా మాట మానేత్తావా?"

మా బావ పిడికిలి బిగించి, మా అప్ప కళ్ల ముందర, గుండెకేసి లాక్కున్నాడు. లాగమని.

ఇప్పుడు మా అప్పకి పిడుగు పడినా ఇనబడదు. బజార్లో కేకేత్తే మాత్రం పిల్లి ఇప్పటికీ లేచి కూకుంటాది. సాయంత్రమయితే మా బావ పొయ్యి ముందర గొంతుక్కూకుని ఊరి కబుర్లన్నీ సేతుల్తో సెప్తాడు, ఎవుడి పడవ ఎక్కడికెల్లిందో, ఎవులి పెళ్లిలో ఎవులలిగినారో. మా అప్ప ఆ సేతులు సూత్తా తలూపుతా కూకుంటాది. రోజూ కూర మాడిపోతాది.